కొండకు మప్పిన మంద

ఆ ఏడు జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా మా ఇంట్లో ముగ్గురు మనుషులం ఒకరితో ఒకరం మాట్లాడుకున్నది తక్కువ, కుక్కతో మాట్లాడింది ఎక్కువ. కుక్క పేరు ఉర్సు. ఎవరు పలకరించినా తోక ఊపేది కాబట్టి దాని దగ్గర అందరికీ మర్యాద దక్కింది.

ఓటింగు గురువారం జరిగింది. శుక్రవారం పొద్దున నేను ఓట్స్ జావ కలుపుతుంటే రేడియో అదే మాట తిప్పి తిప్పి చెబుతోంది. ఐరోపా కూటమిలోంచి దేశం బయటికి రావాలని వందలో యాభై రెండు మంది తేల్చేశారట. నాన్న లేచి రేడియో కట్టేశాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నోబుల్ ఫియరన్ అంటే మా లోయలో తెలియనివాళ్లు లేరు. గెలిచినవాడి ముఖం ఎలా పెట్టాలో తెలియక చెంచా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

గవ్రిల్ అప్పుడే దొడ్ల దగ్గర్నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. గవ్రిల్ నా భర్త. రొమేనియాలో ఉత్తరాన కొండల్లో పుట్టినవాడు. అతనికి ఆ ఓటు లేదు.

"ఎవరు నెగ్గారు?" అన్నాడు.

"బయటికి పోదామన్నవాళ్లు" అన్నాను.

చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "మబ్బు పట్టింది. ఎగువ మడిలో గడ్డి ఇవాళ కొయ్యొద్దు" అని కుర్చీ లాక్కున్నాడు. అంతే.

ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోవడం నాకు పుట్టుకతో రాలేదు.

"నువ్వు దేనికేశావు నాన్నా?"

"ఎందుకే ఇప్పుడా సంగతి?"

"చెప్పు."

"బయటికే వేశా." నా వైపు చూసి చెప్పాడు, అతని వైపు కాదు. "ఎవరి మీదో కోపంతో వేశానా? ఆ చెవి బిళ్లల మీద వేశా. గొర్రెకు రెండు చెవులుంటే రెండు బిళ్లలు, బిళ్లకో నంబరు, నంబరుకో కాగితం. నా గొర్రె ఏ దొడ్లో పడుకుందో సముద్రం అవతల కూర్చున్నవాడికెందుకంట?" తర్వాత గొంతు తగ్గించాడు. "నిజం చెబుతున్నా అబ్బాయ్. నువ్వు పరాయివాడివన్న సంగతే నాకు తట్టలేదు."

గవ్రిల్ జావలో ఉప్పు వేసుకున్నాడు. "నాకు రోజూ తడుతుంది పెద్దాయనా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాన్న కూడా నాలుగు కేకలేసేవాడు, పీడా పోయేది.

మా మంద సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ గొడవ అర్థం కాదు. మా కొండకు కంచె లేదు. అయిదు ఇళ్ల గొర్రెలు ఒకే కొండ మీద మేస్తాయి. ఏ ఇంటి మంద మేత నేల ఆ మందకు తెలుసు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, దాని పిల్ల దాన్ని చూసి నేర్చుకుంటుంది, అలా మూడొందల ఏళ్లుగా సాగింది. రెండు వేల ఒకటిలో గాలికుంటు వచ్చినప్పుడు రోగం పాకకుండా ప్రభుత్వంవాళ్లు మా మందను మొత్తం కాల్చి పాతిపెట్టారు. నాన్న వేరే చోట కొత్త గొర్రెలు కొన్నాడు. వాటికి కొండ తెలియదు. ఏడేళ్లు నాన్నా నేనూ వాటి వెనక ఊళ్లు పట్టి తిరిగాం, పొరుగున విల్ఫ్ డాక్రే పొలంలో పడ్డాయని, రోడ్డు మీద పడుకున్నాయని. అలాంటప్పుడు కోళ్ల ఫారంలో పని మానేసి గవ్రిల్ మా ఇంటికి వచ్చాడు. వచ్చిన వారానికే, "వీటికి చెప్పేవాళ్లు లేరు, అందుకే తిరుగుతున్నాయి" అన్నాడు. మూడు వేసవులు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే వరకు, కొండ మీద గొర్రెలతో పాటు నిలబడ్డాడు. గీత దాటిన ప్రతి గొర్రెనూ వెనక్కి తోలాడు. వానలో నిలబడ్డాడు, వడగళ్లలో నిలబడ్డాడు. మూడో వేసవి ఆఖరుకు మందను కొండకు మప్పాడు. నన్నూ తనకు మప్పాడు, ఆ శీతాకాలం పెళ్లి చేసుకున్నాం.

ఓటు తర్వాత లోయలో మర్యాదలు మారిపోయాయి. గొర్రెల సంతలో టీ తాగే గదిలో బల్లలు రెండు జట్లయ్యాయి. పాతికేళ్లుగా ఒకే బల్ల దగ్గర పేకాడుకునే అన్నదమ్ములు చెరో మూల కూర్చుని చెరో పేపరు వెనక దాక్కున్నారు. పాదిరి గారి భార్య ఫిలిపా నిమ్మకాయ కేకు చేసుకుని మా ఇంటికి వచ్చింది. గవ్రిల్ చెయ్యి పట్టుకుని, "మా అందరి తరఫునా క్షమాపణ చెబుతున్నాను నాయనా, మేమందరం అలాంటివాళ్లం కాదు" అంది. ఆమె కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నాన్న అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రెండు ముక్కలు తిన్నాడు.

ఆమె వెళ్లాక గవ్రిల్ అన్నాడు, "తిట్టినవాడికైతే ఎదురు చెప్పొచ్చు. ఈవిడకేం చెప్పాలి?"

"కేకు బాగుందని చెప్పు" అన్నాడు నాన్న.

నాకు నవ్వొచ్చింది. గవ్రిల్ నవ్వలేదు.

ఇక పొరుగు రైతు విల్ఫ్. మంచివాడే. మా ట్రాక్టరు బురదలో దిగబడితే పిలవకుండానే గొలుసు పట్టుకుని వచ్చే మనిషి. కాకపోతే ఒక హాస్యం దొరికితే దాన్ని పీల్చి పిప్పి చేస్తాడు. శనివారం సంతలో, "ఏం గవ్రిల్, పెట్టె సర్దుకున్నావా?" అన్నాడు. గవ్రిల్ కూడా నవ్వి, "నీ పెట్టె అరువిస్తే సర్దుకుంటా" అన్నాడు. మరుసటి వారం పబ్బులో మళ్లీ అదే మాట. గవ్రిల్ కొంచెం నవ్వాడు. మూడోసారి మా గేటు దగ్గర అన్నాడు, అప్పుడు విల్ఫ్ ఒక్కడే నవ్వుకోవలసి వచ్చింది.

జూలై మొదట్లో ఎగువ మడిలో గడ్డి తిరగేస్తుంటే గవ్రిల్ పంగలకర్ర నేలకు గుచ్చి నా వైపు తిరిగాడు.

"దుమిత్రు ఫోన్ చేశాడు." దుమిత్రు అతని అన్న. "మోకాళ్లు పోయాయట. మంద నన్ను తీసుకోమంటున్నాడు. రెండొందల ఎనభై తలలు, జున్ను చేసే పాక, ఇల్లు. ఆగస్టు ఆఖరుకు మాట చెప్పాలి."

"ఏం చెబుతావు?"

"నువ్వొస్తే వెళ్తానని చెబుతా."

"రాకపోతే?"

పంగలకర్ర పీకి, ముందున్న గడ్డి తిరగేశాడు.

"నాన్ననూ నిన్నూ తక్కెట్లో వేసి తూచమంటున్నావు" అన్నాను.

"నేనెక్కడ అన్నాను? తూచిందెవరు థర్జా? ఆ గురువారం నాడు పెన్సిల్‌తో ఓటు గీసి తూచిందెవరు?"

ఆ రోజు నుంచి నేను నాన్నతో కూడా మాటలు తగ్గించేశాను. టీ కప్పు బల్ల మీద పెట్టే చప్పుడుతోనే నా కోపమంతా చెప్పేదాన్ని. ఆయన అన్నీ విన్నాడు.

జూలై మూడో వారం మా ఇంటి వంతు వచ్చింది. బొచ్చు కత్తిరింపులకు మా లోయలో కూలివాళ్లను పిలవం, బదులు పనికి వస్తారు. ఇవాళ మా మందను దించడానికి నాలుగు ఇళ్లవాళ్లు వస్తారు, రేపు వాళ్ల మందకు మేం వెళ్తాం. ఎవరు దేనికి ఓటేసినా కొండ మాత్రం ఉమ్మడి. ఆ పొద్దున మా వాకిట్లో ఎనిమిది మంది, పదకొండు కుక్కలు పోగయ్యారు.

విల్ఫ్ తన కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "అరె, ఇంకా ఇక్కడే ఉన్నావా గవ్రిల్? పెట్టె సర్దుకోలేదా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నాన్న వైపు చూశాను. గవ్రిల్ కూడా చూశాడు. ఆయన తన బూటు తాడు వైపు చూసుకుంటున్నాడు. విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

గవ్రిల్ తన చేతిలోని కర్ర తీసుకెళ్లి గోడకు ఆనించాడు. "మీ కొండ. మీరే దించుకోండి" అన్నాడు. "దొడ్లు నేను చూస్తా."

ఎనిమిదేళ్లలో అతను కొండ ఎక్కని కత్తిరింపు అదే. నాన్న సొంత కుక్కకు కాలు వాచింది కాబట్టి గవ్రిల్ కుక్క ఉర్సును తీసుకుని కదిలాడు. అది రెండుసార్లు వెనక్కి తిరిగి గవ్రిల్‌ను చూసి, వెళ్లమన్నట్టు అతను తల ఊపాక కదిలింది.

పైన పొగమంచు దిగింది. మనిషికీ మనిషికీ మధ్య రెండు మూడొందల గజాలు వదిలి వరసగా నిలబడి, కేకలేసుకుంటూ మందను కిందికి తోలాలి. వరసలో ఒక్కచోట సందు పడ్డా గొర్రెలు అందులోంచి ఎదురు తిరిగి శిఖరం దాటేస్తాయి. నేను వాగు దగ్గర, నాన్న నాకు పైన రాతి గుట్ట దగ్గర. సగం కొండ దిగేసరికి ఓ ముసలి ఆడగొర్రె తల తిప్పింది. దాని వెనక పది, పది వెనక నలభై. నాన్న వైపు నుంచి ఎగబాకడం మొదలుపెట్టాయి.

"కమ్ బై! కమ్ బై!" నాన్న కేక వినబడింది. ఎడమ చుట్టు తిరిగి మందను కాయమని మా వాళ్లందరూ కుక్కకు చెప్పేది అదే. ఉర్సు కదల్లేదు. మంచు కాస్త విడినప్పుడు చూశాను. అది కూర్చుని, చెవులు నిక్కించి, ఆయన ముఖంలోకి ఎంతో శ్రద్ధగా చూస్తోంది. పాపం, దాని తప్పు లేదు. దాన్ని పెంచింది గవ్రిల్, తన భాషలో పెంచాడు. ఆ సంగతి నాన్నకు తెలుసు, నాకూ తెలుసు. పొద్దున అంత మాట జరిగాక ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

"కమ్ బై, ముదనష్టపు దానా!"

అవతలి వైపు నుంచి విల్ఫ్ అరుస్తున్నాడు, "నోబుల్! పోతున్నాయ్! నావి కూడా లాక్కుపోతున్నాయ్!" మరో నిమిషమైతే మూడొందల గొర్రెలూ అవతలి లోయలో పడేవి, రెండు రోజుల పని. నేను అరిచాను కానీ వాగు హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

అప్పుడు మంచులోంచి ఒక మాట వచ్చింది. "స్తింగా!"

నాన్న గొంతే. సిగ్గుతో సగం మింగిన గొంతు. కుక్క లేచి నిలబడింది. "స్తింగా! స్తింగా!" ఈసారి కొండంతా వినబడేలా అరిచాడు. ఎడమకు అని. ఉర్సు రివ్వున ఎడమకు తిరిగి, గుట్ట వెనక నుంచి చుట్టేసి, ఆ ముసలి గొర్రె ముక్కు ముందు ప్రత్యక్షమైంది. "ద్రాప్తా! స్తాయ్! స్తాయ్ అంటుంటే!" కుడికి, ఆగు. ఎనిమిదేళ్లుగా వంటింటి కిటికీలోంచి విని పట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. దేశాన్ని ఆ కూటమిలోంచి బయటికి లాగుదామని ఓటేసిన మనిషి, అలాగే ఓటేసిన అయిదారుగురు ఇరుగుపొరుగువాళ్ల మధ్య నిలబడి, కొండ దిగేదాకా రొమేనియా భాషలో అరుస్తూనే ఉన్నాడు.

కింద గేటు దగ్గరికి మంద చేరేసరికి అందరం తడిసి ముద్దయ్యాం. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు. విల్ఫే నోరు తెరిచాడు.

"నోబుల్, అదేం భాషయ్యా?"

"నా కుక్క భాష. ఊరికే నిలబడక గేటు తియ్యి."

గేటు అవతల గవ్రిల్ ఉన్నాడు. కొండ మీద అరిచింది లోయలో వినబడుతుంది. అన్నీ విన్నాడు. గేటు గడియ తీసి, మూడొందల గొర్రెలు తన పక్క నుంచి పోయేదాకా ఆగాడు.

"స్తింగా కాదు పెద్దాయనా" అన్నాడు. "స్తూంగా. గొంతులోంచి రావాలి."

"కుక్కకు అర్థమైంది, చాల్లే" అన్నాడు నాన్న.

సాయంత్రం దాకా కత్తిరింపులు సాగాయి. తర్వాత మా వంటింట్లో భోజనాలు. గొర్రె మాంసం, బంగాళాదుంపలు, నల్ల సాసేజీ వేసి పొద్దుటి నుంచి పొయ్యిలో ఉంచిన కుండ, ఊరబెట్టిన ఎర్ర క్యాబేజీ. విల్ఫ్ రెండో గిన్నె అయ్యాక తీరిగ్గా వెనక్కి వాలాడు. "గవ్రిల్, పెట్టె సంగతి..."

"విల్ఫ్" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. "పెట్టెలు మా అటక మీదున్నాయి. నిచ్చెన నాది. ఆ మాట ఎప్పుడైనా అనాలంటే నాతో అను."

"తమాషాకన్నానయ్యా."

"తెలుసు. తమాషా అయిపోయింది."

విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి. ఎర్ర క్యాబేజీ ఇటివ్వమన్నాడు, ఇచ్చాం. ఆ ఏడు మళ్లీ అతని నోట ఆ మాట వినలేదు.

ఇంక అంతా సర్దుకున్నట్టే అనుకుని, గిన్నెలు తోముతూ గవ్రిల్‌తో, "చూశావా నాన్నని? నీ మాటల్లో అరిచాడు!" అన్నాను.

"అరిచాడు" అన్నాడు గిన్నె తుడుస్తూ. "కుక్కను పిలిచాడు. నన్ను కాదు."

ఆగస్టు ఎవరి కోసమూ ఆగలేదు. నేను రెండు మనసులతో తిరిగాను. ఓ రోజు అతనితో వెళ్లిపోవాలనుకునేదాన్ని, మర్నాడు నాన్న ఒంటరిగా రాతి గోడ ఎక్కుతూ కనిపిస్తే ఆ ఆలోచన మానుకునేదాన్ని. నెలాఖరు వారంలో ఎగువ గోడ ఒకచోట కూలితే ఇద్దరూ కట్టడానికి వెళ్లారు. పదకొండింటికి నేను టీ తీసుకుని వెళ్లాను. గోడ ఇవతల నేనున్నట్టు వాళ్లకు తెలియదు. కాసేపు రాయి మీద రాయి పెట్టే చప్పుడే వినిపించింది.

"నేనడిగితే ఉంటావా?" అన్నాడు నాన్న.

"మీరింతవరకు అడగలేదు కదా."

మళ్లీ ఒక రాయి.

"ఉండు. అడుగుతున్నా."

గవ్రిల్, "మళ్లీ ఓటు పెడితే దేనికేస్తారు పెద్దాయనా?" అన్నాడు.

నాన్న అబద్ధమాడితే సరిపోయే చోట కూడా ఆడలేని మనిషి. "చెవి బిళ్లలు ఇంకా అలాగే ఉన్నాయి కదా అబ్బాయ్" అన్నాడు.

గోడ అవతల గవ్రిల్ నవ్వడం వినిపించింది. జూన్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. కానీ ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. ఆ చిన్న రాయి ఇటివ్వమన్నాడు. టీ చల్లారిపోయేలా ఉంటే నేనే దగ్గి ముందుకు వెళ్లాను.

ఆదివారం మధ్యాహ్నం అతను అన్నకు ఫోన్ చేశాడు. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. బట్టలారేసే దండెం దగ్గర, గోడ పక్కన నిలబడితే వస్తుంది. ప్రతి ఆదివారం అక్కడే నిలబడి మాట్లాడతాడు, ప్రతి ఆదివారం నేను అక్కడే బట్టలు తీస్తుంటాను. ఆ రోజు మాత్రం ఒక దుప్పటి పట్టుకుని నిలబడిపోయాను. మా బతుకు ఎటు తిరుగుతుందో నాకు నాలుగడుగుల దూరంలో తేలిపోతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

ఎడమ, కుడి, ఆగు, రా. ఆరేళ్లు కాపురం చేశాను. అతని భాషలో నాకు తెలిసిన మాటలు ఆ నాలుగే. వేసవంతా నాన్న మీద కత్తులు నూరాను, విల్ఫ్‌ను తిట్టుకున్నాను, ఫిలిపా కేకును వెక్కిరించాను. కుక్కకు వచ్చినన్ని మాటలే నాకూ వచ్చని ఒక్కనాడు అనుకోలేదు. సిగ్గేసింది. దుప్పటిలో ముఖం పెట్టుకోవాలనిపించేంత సిగ్గేసింది.

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పావు?"

"రానన్నా. వేరే మనిషిని చూసుకోమన్నా."

గోడకు ఆనుకున్నాను. అతను వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు, మడత పెడదామని.

"పావుగంట మాట్లాడావు. ఇంతేనా?"

"ఇంతే."

"కాదు. మొత్తం చెప్పు. నువ్వన్నది అన్నట్టు చెప్పు. ముందు నీ భాషలో, తర్వాత నాకర్థమయ్యేలా."

వింతగా చూశాడు. కానీ చెప్పాడు. అన్న మోకాళ్లు, డాక్టరు, వదిన కోపం, జున్ను ధర. ఒక్కో మాట అతని భాషలో అంటాడు, తర్వాత నా భాషలో. ఆఖరికి అన్న అడిగాడట, "నిన్ను వద్దన్న ఊళ్లో నీకేముందిరా?" అని.

"దానికేమన్నావు?"

"మా మంద ఉంది అన్నాను."

దుప్పటి కొస నా చేతిలోంచి జారింది. ఎనిమిదేళ్లుగా అతను మా గొర్రెలను 'నోబుల్ గొర్రెలు' అంటాడు, మరీ ముద్దొస్తే 'మీ గొర్రెలు' అంటాడు. ఎముకలు కొరికే వానలో వాటితో నిలబడ్డ మనిషి ఇంకో మాట అనగా నేను వినలేదు.

"మా మందా? ఎప్పటి నుంచి అంటున్నావలా?"

"మూడో వేసవి నుంచి."

"నాతో ఒక్కసారైనా అనలేదే?"

అతను వంగి, పడిన కొస తీసి, నా చేతిలో పెట్టాడు.

"అన్నాను. నువ్వు ఇక్కడే ఉండేదానివి థర్జా. ప్రతి ఆదివారం, నీ ముందే అన్నాను."